నీళ్ళ రంగు చూసే మనిషి

నిన్న కాలేజీ హాలులో ఆమె సంతాపసభ జరిగింది. మాట్లాడినవాళ్ళలో ఒకాయన మరాఠీలో ఆమెను శాంతమూర్తి అన్నాడు. సముద్రాన్ని చదివి చదివి సముద్రమంత నిబ్బరం వచ్చిన మనిషి అన్నాడు. ముందు వరుసలో తలలు ఊగాయి. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి వరండాలోకి వెళ్ళాను. మళ్ళీ లోపలికి వచ్చాను. వేదిక మీద దండ వేసిన ఆమె ఫొటో ఉంది. ఆమెను అంతసేపు ఒకే చోట చూడటం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఎప్పటిలాగే పై గీతలో ఆకాశం సంగతి, దాని కింద ఆనాటి పనులు రాశాను. ‘సంతాపసభ, జనం బాగా వచ్చారు’ అన్న దగ్గర కలం ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన ఏడు నుంచి డైరీ రాస్తున్నాను. చూసింది రాసుకోవడం నా అలవాటు. చూడనిది ఎవరో మైకులో చెబితే వదిలేయడం కూడా అలవాటే. ఈసారి వదలడం చేతకావడం లేదు. పొద్దుటి నుంచి రాసి చింపుతున్నాను.

ఆమె చదువు, పదవులు, సన్మానాలు నిన్న చెప్పారు, పేపర్లోనూ వచ్చాయి. వాటి జోలికి పోను. నాకు తెలిసిన మనిషి మరొకరు.

నేను రైల్వేలో టీసీగా చేసి రిటైరయ్యాను. ఆమె ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు నాందేడులో. భర్త మరాఠీ ఆయన, ఇక్కడి కాలేజీలోనే లెక్చరర్. అందుకని వారం వారం మా బండిలో వచ్చేది. చార్టులో పేరు ఉండేది, సీట్లో మనిషి ఉండేది కాదు. సీటు మీద ఒక నల్ల సంచి, మూత సరిగా పెట్టని నీళ్ళ సీసా మాత్రం ఉండేవి. మొదటిసారి పెట్టె అంతా వెతికితే తలుపు దగ్గర దొరికింది. కడ్డీ పట్టుకొని, తల బయటికి పెట్టి నిలబడింది. టికెట్ అడిగాను.

“ఆగుండ్రి టీసీ సాబ్, గంగ వస్తున్నది” అంది.

మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. బాసర వంతెన మీదికి బండి ఎక్కింది. వంతెన దాటిందాకా ఆమె నా వైపు చూడలేదు. సాయంత్రపు ఎండ నీళ్ళ మీద ఏటవాలుగా పడుతోంది. దాటాక టికెట్ ఇస్తూ, పోయినవారం ఇంత పచ్చగా లేదని తనలో తాను అనుకుంది. మీకు ఏ రంగు కనబడ్డదని నన్ను అడిగింది. నీళ్ళ రంగు అన్నాను. ఆమె గట్టిగా నవ్వింది. “గా జవాబు చెప్పినోళ్ళను నేను ఉద్యోగంలకు తీసుకోలె” అంది.

అప్పటి నుంచి ఆ బండిలో నా డ్యూటీ పడినప్పుడల్లా ముందు తలుపు దగ్గరికే పోయేవాణ్ణి. ఆమె ఏం పని చేస్తుందో నాకు అక్కడే, చక్రాల చప్పుడులో, ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం సముద్రం రంగు చూస్తుంది. సముద్రపు నీళ్ళలో కంటికి కనిపించని సన్నటి మొక్కలు తేలుతుంటాయి. అవి ఎక్కువున్న చోట నీళ్ళు పచ్చబడతాయి. ఉపగ్రహం పంపిన రంగును బట్టి ఎక్కడ ఎంత పచ్చ ఉందో ఆమె, ఆమె తోటివాళ్ళు లెక్క కడతారు. దాన్ని బట్టి ఏ వైపు పోతే చేపలు దొరుకుతాయో తీరం వెంబడి పడవలవాళ్ళకు కబురు పోతుంది. అంత పైనుంచి చేప కనబడుతుందా అని నేను అడిగాను.

“చేప కనబడదు. చేప తినే పురుగు తినేది కనబడ్తది. గడ్డి ఏడున్నదో చూసి గొడ్లు ఎటు పోయినయో చెప్పినట్టు” అంది.

ఇంతకంటే వివరంగా ఎవరూ నాకు చెప్పలేదు, అవసరమూ పడలేదు.

నేను రిటైరై మా కాలనీలో ఇల్లు కట్టుకున్న కొన్నాళ్ళకు ఆమె కూడా రిటైరై వచ్చేసింది. వాళ్ళ ఇల్లు మా వెనక వీధిలోనే. భర్త పోయాక హైదరాబాదులో ఉన్న చెల్లెలు రమ్మని పిలిచినా పోలేదు. బండిలో ‘టీసీ సాబ్’గా ఉన్నవాణ్ణి ఇక్కడ ‘అన్న’నయ్యాను. మా ఆవిడ వదిన అయింది. ఆమె వస్తే మా ఆవిడ కుర్చీ వేసేది, ఆమె కూర్చునేది కాదు. చాయ్ గ్లాసు పట్టుకొని వంటింట్లోకి, అక్కణ్ణుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మేడ మెట్ల దాకా తిరిగేది. సగం తాగి గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయేది. సాయంత్రం మా ఆవిడ మొక్కల కుండీల మధ్య, మోటారు స్విచ్చు డబ్బా మీద గ్లాసులు ఏరుకునేది. “గీమెకు కుర్చీ దండగ, చాయ్ గూడ దండగ. నడుచుకుంట తాగనీకి ఒక పైపు పెట్టాలె” అని మా ఆవిడ ఆమె ముందే అనేది. ఆమె ఒప్పుకునేది.

ఏది అడిగినా ‘మబ్బు పోనీ, చెప్త’ అనేది. భోజనానికి ఉంటావా అంటే అదే జవాబు. చెల్లెలి కొడుక్కి చూసిన సంబంధం ఎలా ఉందంటే అదే. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారంటే అదే. మబ్బు అడ్డమొస్తే ఉపగ్రహానికి నీళ్ళు కనబడవు. వానాకాలమంతా ఆమె పని సగం గుడ్డిది. ఆ నెలల్లో ఇంకా స్థిమితం ఉండేది కాదు. నా డైరీలో రోజూ ఆకాశం సంగతి రాస్తానని తెలిసినప్పటి నుంచి పొద్దున్నే గోడ అవతలి నుంచి కేక వేసేది. “అన్నా, ఇయ్యాల మబ్బెంత?” నేను పోస్టులో తారీఖు ముద్ర వేసినట్టు జవాబు చెప్పేవాణ్ణి. ఆమె కిటికీలోంచి చూస్తే సరిపోదా అని మా ఆవిడ అడిగితే, తన కంటి మీద తనకు నమ్మకం లేదని, మబ్బు ఉండొద్దని కోరుకునే కన్ను మబ్బును తక్కువ చూస్తుందని చెప్పింది.

ఒకసారి వజీరాబాద్ బజారులో చీరల దుకాణానికి మా ఆవిడను తీసుకుపోయింది. దుకాణదారు పచ్చ చీరలు పరిచాడు. ఆమె ఒక్కొక్కటి పట్టుకొని, ఇది చలికాలపు అరేబియా, ఇది గంగ సముద్రంల కలిసే చోటు, ఇది ఒట్టి అబద్ధం, గిసొంటి నీళ్ళు ఎక్కడా ఉండవు అని చెప్పుకుంటూ పోయింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. చివరికి మా ఆవిడ అడిగిందట, ఇవన్నీ సరే, కట్టుకునేది ఏది అని. ఏమీ కొనకుండా తిరిగొచ్చారు.

ఆమె దగ్గర ఒక తెల్ల పళ్ళెం ఉండేది. మామూలు స్టీలు పళ్ళానికి తెల్ల రంగు వేయించి, నడిమధ్య రంధ్రం చేసి తాడు కట్టి, కింద ఒక రాయి వేలాడదీసింది. తాడుకు జానెడు జానెడుకు ముడులు. దాన్ని నీళ్ళలోకి దించుతూ పోతే ఒక లోతులో పళ్ళెం కంటికి కనబడకుండా పోతుంది. అక్కడికి ఎన్ని ముడులు దిగాయో చూస్తే నీళ్ళు ఎంత చిక్కగా ఉన్నాయో తెలుస్తుంది. సముద్రం మీద పోయేవాళ్ళు తరతరాలుగా చేసే పనేనట. ఆమె గోదావరి ఘాటు మెట్ల మీద ఆ పని చేస్తుంటే స్నానానికి వచ్చిన ఒకామె చేతులు జోడించి, ఇది ఏ మొక్కు, ఏం కోరికకు అని అడిగింది. ఈమె ఆలోచించి, నీళ్ళు చల్లగుండాలని అంది. మరుసటి వారానికి ఇంకొకామె ఇత్తడి పళ్ళానికి పసుపు రాసి తాడు కట్టి తీసుకొచ్చింది. ఈమె విసుక్కోలేదు. ఆ పళ్ళెం కూడా దించి చూసి, ఇత్తడి పళ్ళెం తొందరగా మాయమవుతుంది, తెల్లదైతే నయం అని సలహా ఇచ్చింది.

ఇవన్నీ రాస్తుంటే ఆమె సరదా మనిషి అనిపిస్తుంది. సరదా ఉండేది. కానీ అసలు సంగతి ఇంకా రాయలేదు.

నాందేడు నుంచి ధర్మాబాద్ పోయే బండ్లలో నాకు పాసు ఉంది, ఆమెకు ఓపిక ఉంది. అలా ఇద్దరం ఒక రోజు అక్కడి బాబ్లీ బ్యారేజీ చూడటానికి పోయాం. వానలు తగ్గాక గేట్లు దించితే గంగ వెనక్కి నిండి, మళ్ళీ వానలు మొదలై గేట్లు ఎత్తేదాకా నిలిచి ఉంటుంది. ఆ నిలిచిన నీళ్ళలో ఎగువ ఊరి బెస్తవాళ్ళు సంఘం పెట్టుకొని చేపపిల్లలు వదులుతారు. రవ్వలు, బొచ్చెలు. మధ్యలో వల అడ్డం కట్టి ఎగువ మడుగు, దిగువ మడుగు అని రెండుగా చేసుకున్నారు. గేట్లు ఎత్తే ముందు వరకు పెంచి పట్టుకుంటారు. అదే వాళ్ళ ఏడాది బతుకు. ఆమె ఒడ్డున పళ్ళెం దించుతుంటే తెప్ప మీద ఒకాయన దగ్గరికి వచ్చాడు.

“ఏం పడ్డది తాయీ నీళ్ళల్ల? ముక్కు ముంగురమా?” అని అడిగాడు.

ఆయన గంగారాం, ఆ సంఘానికి చైర్మన్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ; తాయీ అంటే మరాఠీలో అక్క. ఏమీ పడలేదని చెప్పి ఆమె తన పని సంగతి వివరించింది. గంగారాం తెప్పను ఒడ్డుకు ఆనించి శ్రద్ధగా విన్నాడు. పైనుంచి గంగ రంగు కనబడుతుందంటే, మా అల్లుడు దొంగతనంగా వల వేసేది కూడా కనబడుతుందా అని అడిగాడు. ఆ ఒక్కటి కనబడదని ఆమె చెబితే, మరి ఏం లాభమని పెదవి విరిచాడు. ఆ నవ్వుల్లోనే ఆమె మాట ఇచ్చేసింది. ఉపగ్రహం బొమ్మలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయని, ఇంట్లో కంప్యూటరు మీద ఈ నీళ్ళు చూస్తుంటానని, ఏదైనా తేడా కనబడితే చెబుతానని అంది. నిలిచిన నీళ్ళలో పచ్చదనం ముదిరితే రాత్రంతా అది నీళ్ళలోని గాలి తాగేస్తుంది, తెల్లారేసరికి చేపలు ఊపిరాడక తేలిపోతాయి. అది వాళ్ళకూ తెలుసు. ఒక ఏడు అలా పోయిందట. కాకపోతే ముందుగా చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

ఆ ఏడు శివరాత్రి దాటాక ఆమె బొమ్మలో పచ్చ కనబడింది. వారం తిరిగేసరికి ఎగువ మడుగులో పట్టెలా పరుచుకుంది. ఆమె గంగారాంకు ఫోను చేసి చేపలు తీసేయమని చెప్పింది. సంఘమంతా వలలు దించింది. చేపలు ఇంకా ఎదగలేదు, అరచేతంత కూడా లేవు. ఊరి చేపలన్నీ ఒకేసారి బజారుకు రావడంతో నిజామాబాద్ నుంచి వచ్చే బేరగాళ్ళు చెప్పిందే ధర అయింది. తీసిన తర్వాత నీళ్ళకు ఏమీ కాలేదు. మిగిలిన కొద్ది చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

అప్పుడు ఆమె పోయి చూసింది. ఎగువ మడుగు నిండా గుర్రపుడెక్క. వాళ్ళు జలపర్ణి అంటారు. ఎక్కడో పై నుంచి గాలికి కొట్టుకొచ్చి చాపలా పరుచుకుంది. పైనుంచి చూస్తే నీళ్ళలోని పచ్చకూ, నీళ్ళ మీది ఆకుకూ ఆమె లెక్కలో తేడా రాలేదు. సముద్రం మీద గుర్రపుడెక్క ఉండదు. ఆమె ఉద్యోగమంతా సముద్రం మీద నడిచింది. పోయి చూసే వీలు లేని దూరం కాబట్టే ఉపగ్రహంతో చూసే పని అది. పోయి చూడాలన్న ఆలోచన ఆ పనిలో లేదు. రైలు ఎక్కితే ధర్మాబాద్ ఎంత దూరం. ఆమె ఎక్కలేదు.

ఇది నాకు చెప్పేటప్పుడు మా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ ఆదివారం వాళ్ళ ఊరికి పోదామంది. సంఘం వాళ్ళు సమాజ మందిరంలో కూడారు. ఆమె నిలబడి చెప్పింది.

“తప్పు నాది. నేను చూసింది జలపర్ణిని. నాచు అనుకున్న. ఒక్కసారి వచ్చి చూస్తే తెలుస్తుండె. రాలె.”

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేదేమో. ఒక ముసలామె చాయ్ తెచ్చి ఇచ్చింది. గంగారాం బొటనవేలితో నేల మీద గీశాడు.

“తప్పు చెప్పినోళ్ళు ఎవ్వలూ గిట్ల ఊరికచ్చి ఒప్పుకోరు తాయీ. గది మాకు తెలుస్తది. కాని మళ్ళ చెప్తే వింటరా అని మాత్రం అడగకు” అన్నాడు.

ఆమె చాప మీద కూర్చొని చాయ్ మొత్తం తాగింది. నాకు చూడబుద్ధి కాలేదు.

బండిలో తిరిగొస్తూ అడిగింది, సముద్రం మీద ఎన్నిసార్లు తప్పయిందో తెలుసా అని. తెలియదన్నాను. “నాకూ తెల్వది. పడవలోళ్ళు డీజిలు పోసుకొని పోయి ఒట్టి చేతులతోని వస్తే ఎవ్వలూ నా తలుపు కొట్టలె. కొట్టనందుకు తప్పు కాలేదనుకున్న” అంది. ఆ తర్వాత నాందేడు వచ్చేదాకా పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది.

ఆ మరుసటి ఏడు రోహిణి కార్తెలో మళ్ళీ పచ్చ కనబడింది. ఈసారి ఆమె కంప్యూటరు ముందు నుంచి లేచి బండెక్కింది. నన్నూ లాక్కుపోయింది. ఒకసారి కాదు, రోజు విడిచి రోజు. గుర్రపుడెక్క లేదు. నీళ్ళే పచ్చగా ఉన్నాయి, రంగు కలిపినట్టు. ఒడ్డున కుళ్ళిన బచ్చలి వాసన. పళ్ళెం ఎగువ మడుగులో దించింది, దిగువ మడుగులో దించింది. రెండు చోట్లా మొదటి ముడి మునగక ముందే మాయమైంది. పైన మబ్బులు కమ్ముతున్నాయి. గాలి లేదు. బతుకంతా ఆమె మబ్బును తిట్టింది కనబడనివ్వదని. ఇప్పుడు ఇంకో భయం. ఎండ లేని పగలు ఆ పచ్చదనం నీళ్ళలోకి గాలి వదలదు. పగలు వదలకుండా రాత్రి తాగితే తెల్లారేసరికి ఏముంటుంది.

చేపలు ఎదిగి ఉన్నాయి. ఇంకొన్ని రోజులు ఆగితే ఇంకా బరువు పెరుగుతాయి, గేట్లు ఎత్తే ముందు పట్టుకుంటే ఆ ఏడు గట్టెక్కుతుంది. పోయిన ఏడు పోగొట్టుకున్నది కూడా దీంట్లోనే పూడాలి. అది ఆమెకు తెలుసు. సమాజ మందిరంలో మళ్ళీ నిలబడింది. ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు అనుకున్నాను. కానీ ఆమె అందరి మొహాలూ ఒకసారి చూసి, “సగం తియ్యుండ్రి” అంది.

వెనక ఎవరో నవ్వారు. గంగారాం నవ్వలేదు.

“సగం నమ్మకం ఉంటదా తాయీ?”

“ఉంటది. నా జీతమంతా దాని మీదనే తిన్న.”

వాళ్ళలో వాళ్ళు గొడవపడ్డారు. ఈమె మాట మళ్ళీ వినేదేంది అని ఒకడు బయటికి పోయాడు. పోయినేడు వచ్చి తప్పు ఒప్పుకున్న మనిషి ఈయేడు ఊరికే ఎందుకొస్తది అని ముసలామె అంది. చివరికి గంగారాం తేల్చాడు. దిగువ మడుగులో వలలు వేస్తారు, ఎగువ మడుగు ఆగుతుంది. వేశారు. బజారు కూడా ఈసారి పడిపోలేదు, సగమే వచ్చింది కాబట్టి.

కొద్ది రోజుల తర్వాత పొద్దున్నే ఫోను వచ్చింది. ఆమె మా వాకిట్లోనే ఉంది, చేతిలో చాయ్ గ్లాసు. గంగారాం ఏదో చెబుతున్నాడు. ఆమె అడిగింది రెండే. అక్కడ గాలి ఉందా? ఆ చేపలు పిల్లలెవరూ తినకుండా చూస్తున్నారా? గ్లాసు గోడ మీద పెట్టి చెప్పులేసుకుంది.

మేము పోయేసరికి ఎగువ మడుగు ఒడ్డంతా తెల్లగా ఉంది. పొట్టలు పైకి తేలి, అలలకు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని గంపలకు ఎత్తి గోతిలో పోస్తున్నారు. నేను ఆమె మొహంలో ఏదో ఒక తృప్తి కనబడుతుందని చూశాను. ఎంతైనా చెప్పింది నిజమైంది. గంగారాం కూడా అదే ధోరణిలో ఉన్నాడు. సగం దక్కింది, నీ మాట వినకపోతే మొత్తం మట్టిలో కలిసేది అని ఆమె చేతులు పట్టుకున్నాడు. బయటికి పోయినవాడు కూడా వచ్చి దండం పెట్టాడు. ఆమె ఆ చేతులు విడిపించుకొని ఒడ్డు వెంబడి నడవడం మొదలుపెట్టింది. వెనకాలే పోయాను.

“సగం అని నీళ్ళు చెప్పలె అన్నా. నేను చెప్పిన” అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఎగువ మడుగు వైపు చెయ్యి చూపింది. రెండు మడుగుల్లోనూ పళ్ళెం ఒకే లోతులో మాయమైంది. మొత్తం తీయమని చెప్పాల్సిన నీళ్ళు అవి. మళ్ళీ తప్పయితే తన మాట ఏమవుతుందోనని సగానికి తగ్గించింది. చచ్చింది ఆ తగ్గించిన సగం. “గీ చేపలు నా పరువు కింద చచ్చినయి” అంది. అలా కాదని చెప్పడానికి నేను ప్రయత్నించాను. మొత్తం అని ఉంటే అసలు వినేవాళ్ళే కాదన్నాను. అది నిజం కూడా. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ళు విననిది వాళ్ళ లెక్క, తను చెప్పనిది తన లెక్క అంది.

ఆ ఏడాదంతా ఆమె మా ఇంటికి వచ్చేది, పోయేది. మా ఆవిడ ఏదైనా అడిగితే మబ్బు మాట ఎత్తడం మానేసింది. వంకాయ కూర ఉప్పగా ఉంటే ఉప్పగా ఉందనేది.

పోయిన ఏడు మళ్ళీ అదే కార్తె, మళ్ళీ అదే పచ్చ. ఈసారి నీళ్ళు ముందటి ఏడంత ముదరలేదు. పళ్ళెం రెండు ముడుల దాకా కనబడింది. నాకైతే ఆగవచ్చనే అనిపించింది. గంగారాం తెప్ప మీద నిలబడి అడిగాడు, ఈయేడు ఎంత తియ్యాలె అని. ఆమె ఒడ్డున నిలబడి, “మొత్తం” అంది. ఆయన మళ్ళీ అడగలేదు. వెనక్కి తిరిగి ఊరి వైపు కేక వేశాడు. ఆ వారంలో ఎగువ దిగువ రెండు మడుగులూ ఊడ్చినట్టు తీశారు. చేపలు ఇంకాస్త ఎదగాల్సినవే, కానీ ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆమెకు అసలు కుదురు పోయింది. ఇంట్లో నిలవదు, మా ఇంట్లో నిలవదు. రోజూ ధర్మాబాద్ బండి. పోయి ఏం చూస్తావని నేను అడిగాను. నీళ్ళల్ల చేప లేదు గద అంది. అదే ఆమె బాధ. చేప లేదు కాబట్టి చావదు. చావదు కాబట్టి తను చెప్పింది నిజమో అబద్ధమో తెలిసే దారి లేదు. ఊరు ఊరంతా ఒక మాట మీద ఏడాది బతుకును ముందుగా తీసేసింది. ఆ మాట అవసరమా కాదా అన్నది నీళ్ళు ఎవరికీ చెప్పవు.

గంగారాం ఇది కనిపెట్టాడు. ఒక సాయంత్రం మేము పోయేసరికి ఎగువ మడుగు ఒడ్డున కొయ్యకు తాడు కట్టి ఉంది. తాడు చివర వల సంచి, సంచిలో కొన్ని రవ్వలు, బాగా బతికి ఉన్నవి, నీళ్ళలో కొట్టుకుంటున్నాయి. తను ఇంటి తొట్టిలో ఉంచుకున్న చేపలట.

“గాలి లేదు, మబ్బున్నది. పొద్దుగాల లేపి చూస్తే తెలిసిపోతది తాయీ. నీకు నిమ్మళమైతది” అన్నాడు.

ఆమె వంగి తాడు పట్టుకొని సంచిని కొంచెం పైకి లేపింది. చేపలు ఎగిరాయి. చాలాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత తాడు ఆయన చేతిలో పెట్టి, “తియ్యి. ఆ ముసలామెకు కూరకు పంపు” అంది. ఆయన నా మొహం చూశాడు. నేను భుజాలు ఎగరేశాను. సంచి బయటికి తీసి నీళ్ళు ఓడుస్తూ ఊరిలోకి తీసుకుపోయాడు.

ధర్మాబాద్ స్టేషనులో బండి కోసం నిలబడ్డాం. ఎందుకు తీయించావని అడిగాను. శాస్త్రం చదివిన మనిషివి, ఒక్క రాత్రి ఆగితే తేలిపోయేది కదా అన్నాను.

“చస్తే నేను సంతోషపడ్త అన్నా” అంది. “చేతుల తాడు పట్టుకుంటే తెలిసింది. చావాలనే కోరుకుంటున్న. భయమైంది.”

బండి వచ్చింది. పెద్దగా జనం లేరు. ఎదురెదురుగా సీట్లు దొరికాయి, ఆమె కూర్చోలేదు. అయితే ఇప్పుడు తెలుసుకోవాలని లేదా అని అడిగాను.

“లేకేం, మస్తుగున్నది. మళ్ళ నీళ్ళల్ల పెట్టుమని ఫోను చేద్దామా అని గూడ ఉన్నది” అంది.

ఉమ్రీ దాటింది. ముద్‌ఖేడ్ దాటింది. ఫోను చేతిలోనే పట్టుకొని నిలబడి ఉంది. చేయలేదు.